గీతలు తగ్గితే ఏం చేయాలి?

పలాస బజారులో నిలబడి సెల్‌ఫోను తీస్తే తెరమీద గీతలు నిండుగా కనిపించాయనుకోండి. అక్కడినుంచి వజ్రపుకొత్తూరు వైపు బయలుదేరి, జీడితోటలు దాటి, కొబ్బరిచెట్ల మధ్యనున్న ఒక ఇంట్లోకి వెళ్ళేసరికి ఒక్కటే గీత మిగిలింది. "హలో, హలో" అంటూ పెరట్లోకి పరుగెత్తితే మాట వినిపించింది. రెండడుగులు పక్కకు జరిగితే మళ్ళీ తెగిపోయింది. ఇదంతా ఫోను చేసే మాయ కాదు. దీని వెనుక ఒక లెక్క ఉంది. ఆ లెక్క తెలిసినవారు, కొత్త టవరు రాకముందే, పోయిన సంకేతంలో కొంత భాగాన్ని తిరిగి సంపాదించుకోవచ్చు.

ఉద్దానంలో ఇది కాలక్షేపం కబుర్లకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. ఇక్కడ మూత్రపిండాల వ్యాధితో బాధపడేవారు ఎందరో ఉన్నారు. వారికోసం పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రాన్ని, 200 పడకల ఆసుపత్రిని 2023 డిసెంబరులో ప్రారంభించారు. అర్ధరాత్రి ఆయాసం వచ్చిన రోగికోసం అంబులెన్సును పిలవాలన్నా, వేటకు వెళ్ళబోయే మత్స్యకారుడికి తుపాను కబురు అందాలన్నా ఆ ఒక్క గీతే ఆధారం.

ఒక గీత అంటే ఎంత?

సెల్‌ఫోను మాటను మోసుకుపోయేవి విద్యుదయస్కాంత తరంగాలు. వెలుగు కూడా ఇదే జాతికి చెందినది. అయితే ఫోను తరంగాలు వెలుగుకన్నా చాలా పొడవైనవి. 900 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం గల తరంగం పొడవు సుమారు 33 సెంటీమీటర్లు, అంటే మీ స్కేలుకన్నా కాస్త ఎక్కువ. 1800 మెగాహెర్ట్జ్ తరంగం అందులో సగం ఉంటుంది. ఇలాంటి తరంగాలు గోడల గుండా పోగలవని జగదీశ్ చంద్ర బోస్ 1895లోనే కలకత్తాలో నిరూపించి, దూరాన ఉన్న గంటను మోగించి చూపాడు.

గోడ దాటగలవు, నిజమే. కాని దాటినప్పుడల్లా కొంత సుంకం చెల్లించుకుంటాయి. ఆ సుంకాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. రెండు సూత్రాలు గుర్తుంచుకుంటే చాలు: 3 డెసిబెల్స్ పోతే శక్తి సగమవుతుంది, 10 డెసిబెల్స్ పోతే పదోవంతే మిగులుతుంది. మరి 20 పోతే? నూరోవంతు.

ఫోనుకు చేరే శక్తిని డీబీఎం అనే కొలతలో చెబుతారు. మైనస్ 100 డీబీఎం అంటే ఒక వాట్‌లో పది లక్షల కోట్లవ వంతు! ఇంత అల్పమైన శక్తితోనే మీ ఫోను పని చేస్తుంది. 4జీ ఫోనులో ఈ అంకె మైనస్ 85 దగ్గర ఉంటే సంకేతం బాగున్నట్టు. మైనస్ 110 దాటితే బలహీనం. మైనస్ 120 దగ్గర మాట నిలవడం కష్టం. తెరమీది గీతలు ఈ అంకెకు చూపే స్థూలమైన గుర్తులు మాత్రమే. వాటిని ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క విధంగా గీస్తుంది.

శక్తి ఎక్కడెక్కడ పోతుంది?

ఇంటి జమాఖర్చుల పుస్తకంలాగే దీనికీ ఒక పద్దు రాయవచ్చు. మొదటి ఖర్చు దూరం. ఏ అడ్డూ లేకపోయినా దూరం రెట్టింపైతే శక్తి నాలుగోవంతుకు, అంటే 6 డెసిబెల్స్ మేర పడిపోతుంది. నేలకు దగ్గరగా ప్రయాణించేటప్పుడు నష్టం ఇంకా ఎక్కువ.

రెండవది కొండ. మందస సమీపాన, ఒడిశా సరిహద్దులో ఉన్న మహేంద్రగిరి ఎత్తు 1501 మీటర్లు. అంతటి కొండకు అవతల టవరు ఉంటే ఇవతలి ఊరు నీడలో పడ్డట్టే. తరంగాలు కొండ అంచు దగ్గర కాస్త వంగుతాయి. దీన్నే వివర్తనం అంటారు. పొడవైన తరంగాలు ఎక్కువగా వంగుతాయి. అందుకే 700, 850, 900 మెగాహెర్ట్జ్ వంటి తక్కువ పౌనఃపున్యాలు పల్లెలకు బాగా పనికివస్తాయి.

మూడవది ఇల్లు. తాటాకు, కొబ్బరాకు కప్పులు ఎండుగా ఉన్నప్పుడు తరంగాలను పెద్దగా ఆపవు. ఇనుప చువ్వలు వేసిన కాంక్రీటు శ్లాబు 10 డెసిబెల్స్‌కు పైగా మింగగలదు. రేకుల కప్పు తరంగాన్ని అద్దంలా వెనక్కు కొడుతుంది. కిటికీ, గుమ్మం గుండా వచ్చిందే దక్కుదల.

నాలుగవది మన చెయ్యి! యాంటెన్నా ఉన్న చోట ఫోనును గట్టిగా పట్టుకుంటే అరచేయి కొన్ని డెసిబెల్స్ తినేస్తుంది.

తోట చేసే పని

ఉద్దానం అంటే ఉద్యానమే. కొబ్బరి, జీడి, పనస చెట్లు ఇక్కడ కలిసిమెలిసి పెరుగుతాయి. ఆకుల్లో నీరుంటుంది. ఆ నీరు రేడియో తరంగాల శక్తిని పీల్చుకుంటుంది; కొమ్మలు దాన్ని అటూ ఇటూ చెదరగొడతాయి. గుబురైన ఒక్క చెట్టే సుమారు 10 డెసిబెల్స్ దాకా తగ్గించవచ్చు. వాన పడి ఆకులు తడిస్తే నష్టం ఇంకా పెరుగుతుంది.

అయితే అన్ని చెట్లూ ఒకటి కావు. కొబ్బరి గుబురంతా తలమీద ఉంటుంది. కింద మానుల మధ్య బోలెడంత ఖాళీ. జీడిమామిడి అలా కాదు. దాని కొమ్మలు నేలకు దగ్గరినుంచే గొడుగులా పరచుకుని తెరకట్టినట్టు నిలబడతాయి. అందుకే జీడితోట వెనుక నేలమీద అందని సంకేతం, ఆ తోట ఎత్తును మించిన మేడమీద అందవచ్చు.

ఇక్కడొక సందేహం రావచ్చు. టవరు కంటికి కనిపిస్తున్నా సంకేతం బలహీనంగా ఉండటమేమిటి? తరంగం దారంలా సన్నగా రాదు. టవరుకూ ఫోనుకూ మధ్య పొడవాటి దోసకాయ ఆకారంలో కొంత చోటు ఖాళీగా ఉండాలి. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు ఫ్రెనెల్ పేరుమీద దీన్ని ఫ్రెనెల్ మండలం అంటారు. 4 కిలోమీటర్ల దూరానికి, 900 మెగాహెర్ట్జ్ దగ్గర, ఈ దోసకాయ నడుము వ్యాసార్థం సుమారు 18 మీటర్లు. అందులోకి కొబ్బరితలలు చొచ్చుకువస్తే, కన్ను చూడగలిగినా ఫోను పూర్తిగా వినలేదు.

వినిపిస్తుంది, వినిపించలేదు

గీతలు రెండున్నా ఫోను కలవదు. ఎందుకని? ఫోను వినడమే కాదు, మాట్లాడాలి కూడా. టవరు పదుల వాట్ల శక్తితో ప్రసారం చేస్తుంది. 4జీ ఫోను సాధారణంగా 0.2 వాట్లకు మించి ప్రసారం చేయదు. మైకు పట్టుకున్నవాడి మాట జాతరలో అందరికీ వినిపిస్తుంది. కిందినుంచి మీరు వేసే కేక అతనికి వినిపించకపోవచ్చు. సంకేతం బలహీనంగా ఉన్నచోట ఫోను తన శక్తినంతా పెట్టి అరుస్తుంది. అందుకే అక్కడ బ్యాటరీ త్వరగా ఖాళీ అవుతుంది.

మరి మనమేం చేయవచ్చు?

మొదటి ఉపాయం ఎత్తు. చదునైన నేలమీద యాంటెన్నా ఎత్తు రెట్టింపైతే, సిద్ధాంతం ప్రకారం, అందే శక్తి నాలుగు రెట్లవుతుంది. మేడమీద, తోటకు బయట, చెరువుగట్టున, టవరు వైపు తెరిచి ఉన్న కిటికీ దగ్గర ప్రయత్నించండి. అయితే చెట్లు, నీళ్ళ ట్యాంకులు, టవర్లు ఎక్కవద్దు. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు మేడమీదకు అసలే పోవద్దు.

రెండవది ఒక అడుగు. నేరుగా వచ్చిన తరంగం, గోడకు తగిలి వచ్చిన తరంగం ఒకచోట కలిసి బలపడతాయి, మరొకచోట ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఇదే వ్యతికరణం. ఈ రెండు చోట్ల మధ్య దూరం ఒక జానెడు కూడా ఉండకపోవచ్చు. కనుక ఫోను పట్టుకుని ఊరంతా తిరగనక్కరలేదు. నెమ్మదిగా అటూ ఇటూ జరిపి చూడండి. మంచి చోటు దొరికితే ఫోనును అక్కడే స్టాండుమీద పెట్టి, స్పీకరులోగాని ఇయర్‌ఫోనుతోగాని మాట్లాడండి. చెయ్యి మింగే డెసిబెల్స్ కూడా మిగులుతాయి.

మూడవది మరో దారి. పంచాయతీ కార్యాలయంలోనో, బడిలోనో, ఇంట్లోనో తీగద్వారా వచ్చే ఇంటర్నెట్టు, వైఫై ఉంటే ఫోనులోని వైఫై కాలింగ్‌ను తెరవండి. మాట టవరుకు బదులు ఆ తీగలో పోతుంది. మన దేశంలో ఈ సౌకర్యం 2019 డిసెంబరులో మొదలైంది. దీన్ని అందించే సంస్థ సిమ్, తగిన ఫోను ఉండాలి.

నాలుగవది, దిశ ఎరిగిన యాంటెన్నా. 1980లలో దూరదర్శన్ చూడటానికి ఇంటి కప్పుమీద కడ్డీల యాంటెన్నా కట్టి, ఒకరు తిప్పుతుంటే మరొకరు లోపలినుంచి "వచ్చింది, వచ్చింది" అని కేకవేసేవారు. మీ తాతగారిని అడగండి, చెబుతారు. జపాన్‌లో యాగి, ఉదా అనే శాస్త్రజ్ఞులు 1926లో ప్రకటించిన యాంటెన్నా అది. ఒకే దిశనుంచి వచ్చే శక్తిని పోగుచేసి సుమారు 10 డెసిబెల్స్ లాభం ఇవ్వగలదు. బయటి యాంటెన్నా తగిలించే ఏర్పాటున్న 4జీ రౌటరుకు ఇలాంటిదాన్ని కలిపి, టవరు వైపు తిప్పితే ఇంట్లో వైఫై వస్తుంది. మద్రాసు ఐఐటీలో అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం 1990లలో రూపొందించిన కార్‌డెక్ట్ అనే పల్లె టెలిఫోను పద్ధతి కూడా ఈ సూత్రాన్నే వాడుకుంది. ఇంటిమీద యాంటెన్నా, టవరుకు అడ్డులేని చూపు ఉంటే 10 కిలోమీటర్ల దాకా మాట అందేది.

ఐదవది, మాటకు బదులు సందేశం. మాటకు సంకేతం నిలకడగా ఉండాలి. ఎస్సెమ్మెస్‌కు కొద్ది క్షణాలు దొరికితే చాలు. ప్రమాదంలో ఉన్నప్పుడు మీ కంపెనీ గీతలు ఒక్కటీ లేకపోయినా 112కు ఫోను చేసి చూడండి. అక్కడ అందుతున్న వేరే కంపెనీ టవరు ద్వారానైనా ఆ పిలుపును పంపేలా సెల్‌ఫోన్లను రూపొందించారు.

బూస్టరు కొనవచ్చా?

సంకేతాన్ని పెంచుతామంటూ బజారులో బూస్టర్లు అమ్ముతారు. అనుమతి లేకుండా వాటిని అమర్చడం చట్టవిరుద్ధం. ఎందుకంటే పెళ్ళి పందిట్లో మైకును స్పీకరు ముందు పెడితే "కుయ్" మని కూత వస్తుంది గదా! బూస్టరు యాంటెన్నాలు ఒకదాన్నొకటి విన్నా అంతే. ఆ కూత మన చెవికి వినిపించదు, టవరుకు వినిపిస్తుంది. మన ఇంట్లో గీతలు పెరిగినా చుట్టుపక్కల ఇళ్ళవారి ఫోన్లు తెగిపోతాయి. ఆ వేళ అంబులెన్సు కోసం ప్రయత్నిస్తున్నది పక్కింటివారే కావచ్చు.

తిత్లీ నేర్పిన పాఠం

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటింది. గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. కరెంటు స్తంభాలు వరసగా పడిపోయాయి. ఫోన్లు మూగబోయాయి.

టవరు పడిపోకుండా నిలిచినా ఫోను పనిచేయాలని లేదు. టవరుకు కరెంటు కావాలి. అది పోతే బ్యాటరీ కొన్ని గంటలు నడుపుతుంది. తరువాత డీజిలు జనరేటరు. దారిలో చెట్లు పడి ఉంటే డీజిలు చేరదు. టవరును నగరంతో కలిపే కాంతితంతువు తెగినా, గాలికి మైక్రోవేవ్ పళ్ళెం కాస్త పక్కకు తిరిగినా ఆ టవరు ఒంటరిదైపోతుంది. కాబట్టి తుపాను హెచ్చరిక రాగానే ఫోన్లను పూర్తిగా చార్జి చేసి, ఇంట్లో ఒక ఫోనును కట్టి ఉంచుకోవాలి. సంకేతం లేనప్పుడు ఫోనును తెరిచి ఉంచితే అది టవరుకోసం వెతుకుతూ బ్యాటరీని ఖర్చు చేస్తుంది.

సముద్రంలో తీరంనుంచి 10, 12 కిలోమీటర్లు దాటితే సెల్‌ఫోను సంకేతం అందదు. అక్కడికి ఉపగ్రహమే దిక్కు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ హెచ్చరికలను గగన్ ఉపగ్రహ వ్యవస్థ ద్వారా పడవమీదికి చేర్చే జెమిని పరికరాన్ని 2019లో ప్రారంభించారు. అది హెచ్చరికను అందుకుని పక్కనున్న ఫోనుకు అందిస్తుంది.

మీ ఊరి పటం మీరే గీయండి

ఉపాయాలతో కొన్ని డెసిబెల్స్ సంపాదించవచ్చు. కాని కొండ నీడలోని ఊరికి చివరకు టవరు కావలసిందే. అలాంటి 24,680 గ్రామాలకు 4జీ సేవలు అందించే పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2022 జూలైలో ఆమోదించింది. టెలికాం సంస్థలు తమ సేవలు అందే ప్రాంతాల పటాలను వెబ్‌సైట్లలో పెట్టాలని ట్రాయ్ 2024లో నిబంధన చేసింది. ఆ పటం మీ ఊరి విషయంలో ఎంతవరకు నిజం? దాన్ని తేల్చగలిగినవారు మీరే.

ఫోను సెట్టింగులలో ఫోను గురించిన వివరాలు తెరచి, సిమ్ స్థితి చూస్తే డీబీఎం అంకె కనిపిస్తుంది. మీ ఊరి పటం ఒకటి కాగితంమీద గీయండి. బడి, రామమందిరం, ఆరోగ్య కేంద్రం, తోట నడుమ, తోట బయట, చెరువుగట్టు, సముద్రపు ఒడ్డు ఇలా ఇరవై చోట్లు ఎంచుకోండి. ప్రతిచోటా అదే ఫోను, అదే సిమ్, అదే 4జీ పద్ధతి వాడి, మూడుసార్లు కొలిచి సగటు రాయండి. వేరు వేరు కంపెనీల సిమ్‌లతో మీ మిత్రులు కూడా కొలిస్తే ఏ మూల ఏది అందుతుందో తేలిపోతుంది. వాన పడిన రోజున మళ్ళీ కొలవండి. తడిసిన తోట ఎన్ని డెసిబెల్స్ మింగిందో మీకే తెలుస్తుంది.

ఆ పటం నకలు ఒకటి ఆరోగ్య కేంద్రం గోడమీద అంటించండి. రాత్రివేళ ఫోను ఎక్కడ అందుతుందో వెతుక్కునే పని ఊరివారికి తప్పుతుంది. రెండవ నకలు పంచాయతీకి ఇవ్వండి. "మా ఊళ్ళో సిగ్నలు లేదు" అనే మాటకు జవాబు రాకపోవచ్చు. "బడి దగ్గర మైనస్ 118, ఆరోగ్య కేంద్రం దగ్గర మైనస్ 121" అని తేదీతో సహా రాసి ఇచ్చిన అర్జీని పక్కన పెట్టడం అంత సులభం కాదు.