మూతపడిన కంపెనీ చరిత్రను వెతకడం ఎలా?



మూడు నాలుగేళ్లకోసారి మనం ఊరు మారుతుంటాం. ఇంట్లో పెద్దలకు బదిలీ ఉత్తర్వు రాగానే టి.సి. తీసుకుని, సామాను సర్దుకుని బయలుదేరుతాం. ఉపాధ్యాయులమైన మాకూ అంతే. కొత్త ఊరికి చేరాక కొన్ని పేర్లు వింతగా తోస్తాయి. ఫలానా కంపెనీ కాలనీ అంటారు, ఆ కంపెనీ మాత్రం ఎక్కడా కనిపించదు. అలా లేకుండా పోయిన బొగ్గు కంపెనీ చరిత్రను ఎలా తెలుసుకోవచ్చో ఒక ఉదాహరణతో చూద్దాం.

తెలంగాణలోని ఇల్లందును బొగ్గుట్ట అని కూడా పిలుస్తారు. 1871లో భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఆ ప్రాంతంలో బొగ్గు ఉన్నట్లు కనుగొన్నారు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ అక్కడ బొగ్గు తవ్వే హక్కు పొందింది. నేడు ఆ పేరుతో కంపెనీ లేదు. మరి అది ఏమైంది?

మొదట అడగవలసిన ప్రశ్న: దాని ఆస్తులూ అప్పులూ ఎవరికి వెళ్లాయి? 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడి, పాత కంపెనీ ఆస్తులనూ అప్పులనూ తీసుకుంది. 1945లో హైదరాబాద్ రాష్ట్రం అందులో ఎక్కువ వాటాలు కొన్నది. 1956లో అవి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి వచ్చాయి. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. పేర్లు మారినా వారసత్వపు గొలుసు తెగలేదు. ఆ గొలుసు పట్టుకుంటే పాత కంపెనీ దాకా వెళ్లవచ్చు.

రెండో ప్రశ్న: కంపెనీ ఎక్కడ నమోదైంది? గని ఇల్లందులో ఉన్నా దక్కన్ కంపెనీ నమోదైంది ఇంగ్లండులో. అందుకే ఇక్కడి కాగితాలు ఒక్కటే చూస్తే కథ సగమే తెలుస్తుంది. గని హక్కులు ఇచ్చిన తీరు మీద, వాటాల అమ్మకం మీద దుమారం రేగి, 1888లో బ్రిటిష్ పార్లమెంటు సంఘం ఒకటి విచారణ జరిపింది. అలాంటి విచారణ నివేదికలు పరిశోధకులకు గొప్ప ఆధారం.

ఝరియా, రాణిగంజ్ వైపు చదువుతున్న వారికి ఇంకో దారి ఉంది. అక్కడి గనులను 1972, 1973 సంవత్సరాల్లో జాతీయం చేశారు. 1973 నాటి చట్టం చివర 711 గనుల జాబితా ఉంది. ఏ గని ఎవరిది, యజమానికి ఎంత సొమ్ము చెల్లించాలి అన్నది అందులో రాశారు. మీ ఊరి గని పేరు అందులో ఉందేమో చూడండి.

మూడో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం: ఈ కాగితాల్లో ఎవరి పేర్లు లేవు? కంపెనీ పత్రాల్లో వాటాదారులు, డైరెక్టర్లు, ఇంజనీర్లు కనిపిస్తారు. తట్టా చెమ్మస్, అంటే గంపా పారా పట్టి బొగ్గు ఎత్తినవారు చాలాచోట్ల లెక్కగానే మిగిలిపోయారు. వారి సంగతి తెలియాలంటే మనుషుల దగ్గరికే వెళ్లాలి.

మేము ఒక గనుల ఊళ్లో పనిచేసినప్పుడు పిల్లలతో కలిసి ఒక విశ్రాంత కార్మికుణ్ణి కలిశాం. "తాతగారూ, పాత కంపెనీ ఎప్పుడు పోయింది?" అని పిల్లలు అడిగారు. ఆయన నవ్వి, "తేదీ నాకేం గుర్తుంటుంది బాబూ? బోర్డు మీద పేరు మారింది. మేం దిగిన బావి మాత్రం అదే" అన్నారు. తర్వాత తనతో పనిచేసినవారి పేర్లు ఒక్కొక్కటే చెప్పారు. పిల్లలు రాసుకున్నారు. ఆ పేర్లు అంతకు ముందు మేము చూసిన ఏ కాగితంలోనూ లేవు.

పెద్దలు చెప్పే తేదీలు తప్పవచ్చు, కాగితాలు మనుషులను మరచిపోవచ్చు. అందుకే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో తప్పక రాసుకోవాలి. పాత జీతం చీటీ, ఫోటో వంటివి చూపిస్తే నకలు తీసుకుని అసలును వారికే తిరిగి ఇవ్వాలి.

వచ్చే బదిలీకి ముందు మీరున్న ఊరి గురించి ఇలా ఒక్క పేజీ రాసి బడి గ్రంథాలయంలో ఇచ్చి వెళ్లండి. మీ తర్వాత ఆ బెంచీ మీద కూర్చునే పిల్లలకు ఆ ఊరు అంత కొత్తగా అనిపించదు.