అనంతపురం నుంచి బందరు సముద్రానికి

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే అనంతపురం పిల్లలకు సముద్రం చూపించాలంటే ఆస్తులు అమ్మనక్కరలేదు. యశ్వంతపూర్ నుంచి మచిలీపట్నం పోయే కొండవీడు ఎక్స్‌ప్రెస్ అనంతపురం మీదుగానే పోతుంది. అది నడిచే రోజులు చూసుకుని స్లీపరు టిక్కెట్లు ముందే కొంటే, ఆ రాత్రి బస ఖర్చు కూడా కలిసివస్తుంది. తలకొక సంచీ చాలు. దారిబత్తెం జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి.

బందరు నుంచి మంగినపూడి సుమారు 11 కిలోమీటర్లు. అక్కడ తెల్లని ఇసుక కాదు, నల్లమట్టి! పిల్లలు చిన్నబుచ్చుకుంటే బందరు లడ్డు ఉండనే ఉంది. లోతు తక్కువే, అయినా చెరువులు ఎండే సీమవాళ్ళం, మనలో ఈత వచ్చినవారెందరు? మోకాలు దాటి దిగవద్దు.

అక్టోబరు, నవంబరు నెలల్లో మాత్రం వెళ్ళకండి. 1977 నవంబరు 19న ఆ పక్కనే దివిసీమలో ఉప్పెన వేలమందిని పొట్టనబెట్టుకుంది. మనం ఆశగా చూసే మబ్బును చూసి అక్కడివారు హడలిపోతారు. సంక్రాంతి వెళ్ళాక, ఎండలు ముదరకముందే బయలుదేరండి.