నామినీ ఎవరు? ముందే ఊహించవద్దు

జాయింట్ ఖాతా దరఖాస్తులో ఇద్దరు ఆడవాళ్ల పేర్లు కనిపిస్తే అక్కాచెల్లెళ్లో, స్నేహితురాళ్లో అనుకుంటాం. జీవిత భాగస్వాములు కావచ్చన్న ఆలోచన చాలామందికి రాదు. కొత్తగా చేరిన ఉద్యోగులకు ఖాతాల గురించి చెప్పేటప్పుడు నేను తరచుగా ఇచ్చే ఉదాహరణ ఇది. కొత్తగా కనిపించిన దానికి తెలిసిన పేరేదో తగిలించడం మనసుకు అలవాటు.

స్వలింగ ఆకర్షణ విషయంలో మనకు తెలిసిన పేర్లు కొన్నే. అవీ ఎక్కువగా సినిమా హాస్యం నేర్పినవే. వయ్యారంగా నడిస్తే 'గే' అనేస్తాం. ఇక్కడ రెండు విషయాలు కలగాపులగం అవుతున్నాయి. తాను స్త్రీనా, పురుషుడా, మరొకరా అన్న లోపలి భావన జెండర్ గుర్తింపు. ఎవరిపట్ల ఆకర్షణ కలుగుతుందన్నది లైంగిక ధోరణి. నడకను, దుస్తులను బట్టి ఇది తెలియదు.

చట్టం, వైద్యం కూడా ముద్రలు వేశాయి. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ వీరిని నేరస్థులుగా చూసింది. వైద్యం రోగులంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో స్వలింగ ఆకర్షణను వ్యాధుల జాబితా నుంచి తీసేసింది. పెద్దల మధ్య పరస్పర సమ్మతితో ఉన్న సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పింది. మారింది ముద్రే, మనుషులు కాదు.

అలాగని పేర్లన్నీ చెడ్డవని నేననను. తనకు తాను పెట్టుకున్న పేరు తనవాళ్లను వెతుక్కోవడానికి, హక్కు అడగడానికి పనికొస్తుంది. 2014 నాటి సుప్రీంకోర్టు తీర్పు 'థర్డ్ జెండర్'ను గుర్తించాకే మన దరఖాస్తుల్లో ఆ గడి చేరింది. ఇతరులు అంటించిన పేరు మాత్రం, ఆ మనిషి గురించి ఇక తెలుసుకోనక్కర్లేదన్న భ్రమ కలిగిస్తుంది.

ఇది మన కౌంటరుకు సంబంధించిన విషయం కూడా. మన దేశంలో స్వలింగ వివాహానికి చట్టబద్ధత లేదు. అందువల్ల భార్యాభర్తలకు ఉండే వారసత్వ హక్కు ఈ జంటలకు రాదు. దానికి వీలునామా రాసుకోవాలి. ఖాతాదారు మరణిస్తే బ్యాంకు సొమ్ము చెల్లించేది నామినీకి. ఎల్‌జీబీటీక్యూ వ్యక్తులు జాయింట్ ఖాతా తెరవడానికి, భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికి ఎలాంటి ఆంక్షలూ లేవని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టు 28న స్పష్టం చేసింది.

కాబట్టి ఖాతాదారును "మీ వారి పేరు రాయమంటారా?" అని కాకుండా "నామినీగా ఎవరి పేరు రాయమంటారు?" అని అడుగుదాం. ఆ గడి నింపవలసింది మన ఊహ కాదు, వారి మాట.