కంప్యూటర్ చదివిన బిడ్డకు ఫారిన్ ఉద్యోగమా? ముందు ఇవి అడగండి

మా రాయచోటిలో కువైట్ అన్న మాట ఎరగని ఇల్లు ఉండదు. ఒక ఇంట్లో మగమనిషి డ్రైవరుగా పోయి ఉంటాడు, ఇంకో ఇంట్లో ఆడమనిషే ఇంటిపనికి పోయి ఉంటుంది. వానను నమ్ముకుని వేరుశనగ వేసే నేల మాది. అప్పు తీరాలన్నా, ఆడపిల్ల పెళ్ళి జరగాలన్నా ఎందరికో ఆ దినార్లే దిక్కు. ఇప్పుడు ఆ తల్లుల బిడ్డలు కంప్యూటర్ చదువుతున్నారు. కొందరిది ఇంటర్లో ఒకేషనల్ కోర్సు, కొందరిది పాలిటెక్నిక్. మా మాదిరి కష్టపడకుండా వాడు కుర్చీలో కూర్చుని పనిచేస్తే చాలని తల్లి ఆశ. ఆ ఆశ మీదే కన్నేసిన ఏజెంట్లున్నారు.

మీకొక విచిత్రం చెప్తాను. పదో తరగతి పాసు కానివాళ్ళ పాస్‌పోర్టు ఇ.సి.ఆర్. రకం. వాళ్ళు కువైట్, సౌదీ లాంటి 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే ఆఫీసు అనుమతి కావాలి. 1983 నాటి చట్టం ఇది. యజమాని ఎవరు, జీతమెంత అని కాగితాలు చూస్తారు. ఇంటిపనికి పోయే ఆడవాళ్ళకు 30 ఏళ్ళు నిండాలి. 10 లక్షల ప్రవాసీ బీమా తప్పనిసరి. రెండేళ్ళకు ప్రీమియం 275 రూపాయలు, పైన పన్ను.

మరి పది పాసై కంప్యూటర్ నేర్చిన పిల్లోడికో? ఈ అనుమతి అక్కర్లేదు. పాస్‌పోర్టు, వీసా ఉంటే విమానం ఎక్కేయొచ్చు. చదువుకున్నవాడు తన మంచిచెడ్డ తానే చూసుకుంటాడని చట్టం అనుకుంది కాబోలు. చదువురాని తల్లి తరఫున అడిగేవాళ్ళున్నారు, చదివిన కొడుకు తరఫున లేరు. అందుకని ఆ ఆఫీసు అడిగే ప్రశ్నలు మనమే ఇంట్లో కూర్చుని అడగాలి.

మా వీధిలో కువైట్‌లో చాలా ఏళ్ళు చేసొచ్చిన ఒకామె ఉంది. కొడుకు కోసం వచ్చిన ఏజెంటుకు మజ్జిగ ఇచ్చి, "మొదట అగ్రిమెంటు చూపించు నాయనా" అనింది. విమానం ఎక్కే రోజు ఇస్తామన్నాడు. "నేను వేలిముద్ర వేసేదాన్ని. నాకే ముందుగా చదివి వినిపించినారు" అని వాకిలి చూపించింది. నాకు భలే నచ్చింది ఆమె పద్ధతి.

అడగకపోతే ఏమవుతుందో చూశాం కదా. ఐ.టి. తెలిసిన యువకులకు థాయిలాండులో డిజిటల్ సేల్స్ ఉద్యోగమని ఆశపెట్టి, దొంగదారిన మయన్మార్ దాటించి బందీలుగా ఉంచుతున్నారని 2022 సెప్టెంబరులో మన విదేశాంగ శాఖే హెచ్చరించింది. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు ఇలాంటిదే బయటపెట్టారు. డేటా ఎంట్రీ అని కంబోడియా తీసుకుపోయి, పాస్‌పోర్టులు గుంజుకుని, మనవాళ్ళ చేతనే మనవాళ్ళకు ఫోన్లు చేయించి మోసాలు చేయించారు. 2025 మార్చిలో మయన్మార్ వైపు చిక్కుకున్న 549 మందిని రెండు రోజుల్లో వైమానిక దళం విమానాల్లో వెనక్కి తెచ్చారు. అందులో తెలుగు పిల్లలూ ఉన్నారు. ఒక్కటి ఆలోచించండి. ఇక్కడ కూర్చునే చేయగల టైపింగు పనికి, టిక్కెట్టు పెట్టి అంత దూరం ఎవరైనా పిలుచుకుంటారా?

అసలైన శిక్షణ ఎట్లుంటుందో తెలిస్తే దొంగది పట్టుకోవడం సులువు. యూరప్‌లో ఎరాస్మస్ ప్లస్ అని ఒక పథకం. వృత్తి చదువుల పిల్లలు వేరే దేశపు కంపెనీలో కొన్ని వారాలు పని నేర్చుకుంటారు. స్కూలు, కంపెనీ, విద్యార్థి ముగ్గురూ సంతకాలు పెడతారు. ఏ పని, ఎన్ని రోజులు, చూసుకునేదెవరు, అన్నీ రాసుంటాయి. టీచర్లు కూడా పోయి అక్కడి పద్ధతులు నేర్చుకుని వస్తారు. జర్మనీలో కంప్యూటర్ పనికి మూడేళ్ళ శిక్షణ ఉంది, మన పిల్లలూ పోవచ్చు, నెలనెలా డబ్బిస్తారు. కాకపోతే ముందు జర్మన్ భాష బి1 స్థాయి దాకా రావాలి. అది నెలల తరబడి కూర్చుని నేర్చుకోవాల్సిన చదువు. వారంలో పంపిస్తామనేవాణ్ణి నమ్మకండి. జపాన్‌తో 2017లో మన దేశం ఇంటర్న్‌ల ఒప్పందం చేసుకుంది గానీ అందులో వ్యవసాయం, ఫ్యాక్టరీ, ముసలివాళ్ళ సేవ లాంటి పనులే. కంప్యూటర్ లేదు. అవి తక్కువ పనులని కాదు. కంప్యూటరని చెప్పి వాటికి పంపితే మోసమే.

మన ఊళ్ళలో ఇంకో చిక్కు, సార్ల మీద నమ్మకం. "మా సారే చెప్పినాడుమా" అంటే ఇంట్లో ఇక మాట ఉండదు. సారు మంచివాడే కావచ్చు. ఆయనకూ అక్కడ ట్రైనరు ఉద్యోగమని ఆశ పెట్టి ఉండొచ్చు కదా! నేరుగా పోయి అడగండి. ఆ కంపెనీ కాలేజీకి ఉత్తరం రాసిందా, మీరు లెటర్‌హెడ్ మీద రాసిస్తారా అని. అడిగితే సారేమీ తప్పుగా అనుకోడు.

గాజులు తాకట్టు పెట్టేముందు ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో పిల్లోడి చేతనే చూపించండి. రిజిస్టరైన ఏజెంటు 30 వేలు, దానిపై జి.ఎస్.టి. మించి తీసుకోకూడదు, రసీదు ఇవ్వాలి. ప్రభుత్వ సంస్థలూ ఉన్నాయి, ఆంధ్రలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్. "విజిట్ వీసా మీద రా, అక్కడ మార్పిస్తాం" అంటే అక్కడితో ఆపేయండి.

అన్నీ సరిపోయి ప్రయాణం ఖాయమైతే పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం జిరాక్సులు ఒక సెట్టు ఇంట్లో ఉంచుకోండి. ఆ దేశంలో మన ఎంబసీ నంబరు క్యాలెండరు పక్కన అంటించండి. ఇంట్లోవాళ్ళకే తెలిసిన మాట ఒకటి అనుకోండి. "గోంగూర పచ్చడి అయిపోయింది" అన్నాడంటే ఇక్కడ బాగలేదని అర్థం. ఆ మాట వినపడితే ఆ గంటలోనే ఎంబసీకి ఫోను చేయండి, పోలీసు స్టేషనుకు పోండి.