ఆలస్యమయ్యే విమానాలు, అదుపు తప్పే సహనం

హక్కులు తెలియని ప్రయాణికులు, సమాచారం ఇవ్వని సంస్థలు

న్యూఢిల్లీ: డిసెంబరు, జనవరి మాసాలలో ఉత్తర భారతాన్ని కమ్మివేసే పొగమంచు ఏటా విమాన ప్రయాణికుల సహనానికి పరీక్ష పెడుతోంది. ఈ పరీక్షలో ప్రయాణికులు, విమానయాన సంస్థలు ఉభయులూ విఫలమైన రోజుగా 2024 జనవరి 14 మిగిలిపోయింది. ఆ రోజు ఢిల్లీ నుంచి గోవా వెళ్లవలసిన ఇండిగో విమానం గంటల తరబడి కదలలేదు. మరికొంత జాప్యం తప్పదని పైలట్ ప్రకటిస్తుండగా, వెనుక వరుస నుంచి ఒక ప్రయాణికుడు పరుగున వచ్చి ఆయనపై చేయి చేసుకున్నాడు. అదే రోజు గోవా నుంచి ఢిల్లీకి బయలుదేరిన మరో ఇండిగో విమానాన్ని పొగమంచు కారణంగా ముంబయికి మళ్లించారు. విసిగి వేసారిన ప్రయాణికులు కిందికి దిగి, విమానాలు నిలిపే ప్రదేశంలోనే నేలపై కూర్చుని భోజనం చేశారు.

మొదటి సంఘటనలో ప్రయాణికుడిని పోలీసులు అరెస్టు చేసి, అనంతరం బెయిలుపై విడుదల చేశారు. రెండవ సంఘటనలో పౌర విమానయాన భద్రతా విభాగం ఇండిగోకు 1.20 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ముంబయి విమానాశ్రయ నిర్వాహకులు భద్రతా విభాగానికి 60 లక్షలు, పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ)కు 30 లక్షలు చెల్లించవలసి వచ్చింది. విమానాల మధ్య ప్రయాణికులను నేలపై కూర్చోనివ్వడం అసౌకర్యం మాత్రమే కాదు, ప్రాణాపాయం కూడానన్నది అధికారుల ఆక్షేపణ.

ఈ రెండు సంఘటనలూ దేశవ్యాప్తంగా చర్చకు దారితీశాయి. ప్రయాణికుడి ఆగ్రహం న్యాయమే అయినా అది పైలట్‌పై దాడికి అనుమతి కాజాలదు. అలాగే, ప్రయాణికుడి దురుసుతనాన్ని చూపి సంస్థలు తమ బాధ్యతను తప్పించుకోజాలవు. ఎవరు ఎవరికి ఏమి రుణపడి ఉన్నారో నిబంధనలలో చాలావరకు స్పష్టంగానే ఉన్నది. అది కౌంటరు వద్ద నిలబడిన సామాన్యుడికి తెలియకపోవడమే అసలు సమస్య.

ఢిల్లీలో మంచు, విశాఖలో నిరీక్షణ

పొగమంచులో విమానం దిగడానికి మూడు సమకూరాలి. రన్‌వేపై తగిన పరికరాలు ఉండాలి, విమానంలో వాటిని అందుకునే యంత్రాంగం ఉండాలి, పైలట్లు అందుకు ప్రత్యేక శిక్షణ పొంది ఉండాలి. ఢిల్లీలో ఉన్న ‘క్యాట్-3బి’ వ్యవస్థ సాయంతో 50 మీటర్ల దూరం మాత్రమే కనిపిస్తున్నా విమానాన్ని దించవచ్చు. గాలిలోకి లేవడానికి మాత్రం కనీసం 125 మీటర్ల దృశ్యమానత అవసరం. కాబట్టి దిగిన విమానాలు తిరిగి లేవలేక నిలిచిపోతాయి. నిలిపే చోటు నిండిపోయి, వచ్చేవాటిని వేరే నగరాలకు మళ్లించవలసి వస్తుంది. 2024 జనవరిలో ఢిల్లీలోని ఇటువంటి రన్‌వేలలో ఒకటి మరమ్మతులలో ఉండడం పరిస్థితిని మరింత జటిలం చేసింది.

పొగమంచుకు సరిహద్దులు లేవు. లాహోరు, ఢిల్లీ, ఖాట్మండు, ఢాకా విమానాశ్రయాలన్నీ శీతకాలంలో ఇదే బాధను అనుభవిస్తాయి. అంతేకాదు, మంచు ఎరుగని ఊళ్లకు కూడా దాని ప్రభావం చేరుతుంది. ఒకే విమానం రోజుకు నాలుగైదు నగరాలు చుట్టిరావడం నేటి పద్ధతి. ఉదయం ఢిల్లీలో 3 గంటలు చిక్కుకున్న విమానం సాయంత్రానికి విశాఖపట్నమో హైదరాబాదో ఆ ఆలస్యంతోనే చేరుకుంటుంది. ఆకాశం నిర్మలంగా ఉన్నదే, విమానం ఎందుకు రాలేదని ప్రయాణికుడు అడిగితే ‘నిర్వహణ కారణాలు’ అన్న సమాధానం వస్తుంది. కారణం విడమరచి చెప్పని ఆ రెండు మాటలే చాలా గొడవలకు మూలం.

పని గంటల చిక్కుముడి

జాప్యం పెరిగినకొద్దీ మరో చిక్కు ఎదురవుతుంది. పైలట్ ఒక రోజున ఇన్ని గంటలకు మించి విధులలో ఉండరాదన్న నిబంధన ఉన్నది. విమానం నేలపై నిలిచి ఉన్నా ఆ గడియారం ఆగదు. గడువు దాటితే కొత్త సిబ్బంది రావాలి. ఢిల్లీలో దెబ్బతిన్న పైలట్ కూడా అలా ముందరి వారి స్థానంలో అప్పుడే విధులలో చేరినవారే. అప్పటివరకు జరిగిన జాప్యంతో ఆయనకు ప్రమేయం లేదు.

అలసట విమాన ప్రమాదాలకు దారితీయగలదన్నది నిపుణులందరూ అంగీకరించిన విషయం. అందుకే డీజీసీఏ 2024 జనవరిలోనే పైలట్ల పని గంటల నిబంధనలను సవరించింది. వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచింది. రాత్రి వేళ దిగే పర్యాయాలను 6 నుంచి 2కు తగ్గించింది. వీటిని రెండు దశలలో అమలు చేయాలని నిర్ణయించగా, మొదటి దశ 2025 జులై 1 నుంచి, రెండవ దశ నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చాయి.

దీనికి తగినంత మంది పైలట్లను సిద్ధం చేసుకోకపోవడంతో 2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో సర్వీసులు కుప్పకూలాయి. దేశీయ ప్రయాణికులలో ఇంచుమించు మూడింట రెండు వంతుల మందిని చేరవేసే సంస్థ కావడంతో దెబ్బ దేశమంతటికీ తగిలింది. డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. పెళ్లిళ్లకు, పరీక్షలకు, శస్త్రచికిత్సలకు బయలుదేరినవారు విమానాశ్రయాలలో నేలపైనే రాత్రులు గడిపారు. శంషాబాద్ విమానాశ్రయంలో కొచ్చి వెళ్లవలసిన అయ్యప్ప దీక్షాపరులు నిరసనకు దిగారు. ఇతర సంస్థల టికెట్ల ధరలు ఆకాశాన్నంటాయి.

కేంద్ర ప్రభుత్వం జోక్యం చేసుకుని, 500 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి 7,500 రూపాయలు, 1,000 కిలోమీటర్ల వరకు 12,000, 1,500 కిలోమీటర్ల వరకు 15,000, ఆపైన 18,000 రూపాయలుగా గరిష్ఠ ధరలను తాత్కాలికంగా నిర్ణయించింది. టికెట్ సొమ్ము తిరిగి చెల్లించాలని, విడిపోయిన సామానును 48 గంటలలో ఇళ్లకు చేర్చాలని ఆదేశించింది. అప్పటి పౌర విమానయాన మంత్రి శ్రీకాకుళం సభ్యుడు కింజరాపు రామ్మోహన్ నాయుడు పార్లమెంటులో ప్రశ్నల వర్షాన్ని ఎదుర్కొనవలసి వచ్చింది. ఇండిగో శీతకాలపు సర్వీసులలో 10 శాతం కోత పడింది. అయితే రద్దీని చక్కదిద్దడానికి రాత్రి విధుల నిబంధనలలో ఆ సంస్థకు తాత్కాలిక సడలింపు కూడా ఇవ్వవలసి వచ్చింది. నేలపై చిక్కుకున్న ప్రయాణికుడి అవస్థకూ, గాలిలో ఉన్న ప్రయాణికుడి భద్రతకూ మధ్య ప్రభుత్వం ఏదో ఒకటి ఎంచుకోవలసిన దుస్థితి దాపురించడమే ఆ సంక్షోభంలో ఆందోళన కలిగించిన అంశం.

ప్రయాణికుడికి రావలసినది

జాప్యం, రద్దు, బోర్డింగ్ నిరాకరణలపై డీజీసీఏ నిబంధనలు 2010 నుంచి ఉన్నాయి. వాటిని క్రోడీకరించి పౌర విమానయాన మంత్రిత్వ శాఖ 2019 ఫిబ్రవరిలో ప్రయాణికుల హక్కుల పత్రాన్ని విడుదల చేసింది. దాని ప్రకారం, రెండున్నర గంటలలోపు ప్రయాణానికి సంబంధించిన విమానం 2 గంటలు మించి ఆలస్యమైతే భోజనం లేదా ఫలహారం సంస్థే ఇవ్వాలి. 6 గంటలు మించి ఆలస్యమయ్యే పక్షంలో ప్రత్యామ్నాయ విమానమో, పూర్తి సొమ్మో ఎంచుకునే అవకాశం ప్రయాణికుడికి ఉంటుంది. రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 గంటల మధ్య బయలుదేరవలసిన విమానం 6 గంటలు దాటి ఆలస్యమైతే హోటల్ వసతి కల్పించాలి.

విమానం రద్దయినట్లు తగిన వ్యవధిలో తెలియజేయకపోతే ప్రయాణ కాలాన్ని బట్టి 5,000, 7,500 లేదా 10,000 రూపాయల వరకు పరిహారం ఉంటుంది. సీట్లకు మించి టికెట్లు అమ్మి, తగిన సమయానికి వచ్చినవారిని ఎక్కించుకోకపోతే, ఒక గంటలోపు బయలుదేరే మరో విమానంలో పంపినప్పుడు తప్ప, 10,000 నుంచి 20,000 రూపాయల పరిమితికి లోబడి చెల్లించాలి.

అయితే ఇందులో ఒక మెలిక ఉన్నది. వాతావరణం, ప్రకృతి వైపరీత్యం, భద్రతాపరమైన ముప్పు వంటి అసాధారణ పరిస్థితులు కారణమైతే పరిహారం బాధ్యత నుంచి సంస్థలకు మినహాయింపు లభిస్తుంది. పైలట్ల కొరత వాతావరణం కాదు. కాని వాస్తవ కారణమేమిటో ప్రయాణికుడికి తెలిసే మార్గం లేనప్పుడు మినహాయింపు ఎక్కడ న్యాయమో, ఎక్కడ సాకో తేల్చడం కష్టం. కనుక జాప్యానికి కారణాన్ని లిఖితపూర్వకంగా అడిగి తీసుకోవడం, బోర్డింగ్ పాస్, సంక్షిప్త సందేశాలు భద్రపరచుకోవడం ప్రయాణికులకు మేలు. సంస్థ స్పందించకపోతే కేంద్రం 2016లో ప్రారంభించిన ‘ఎయిర్‌సేవ’కు ఫిర్యాదు చేయవచ్చు. వినియోగదారుల కమిషన్ తలుపు ఎలాగూ తెరిచే ఉన్నది.

2024 జనవరి సంఘటనల మరునాడే డీజీసీఏ మరో మార్గదర్శకం జారీ చేసింది. 3 గంటలు మించి ఆలస్యమయ్యే అవకాశమున్న విమానాలను ముందుగానే రద్దు చేసి, ప్రయాణికులు విమానాశ్రయాలలో పడిగాపులు పడకుండా చూడవచ్చునన్నది దాని సారాంశం. అదే ఏడాది ఫిబ్రవరిలో భద్రతా విభాగం సామాను విషయంలో సంస్థలకు గడువు విధించింది. ఇంజను ఆగిన 10 నిమిషాలలో మొదటి పెట్టె, 30 నిమిషాలలో చివరి పెట్టె బెల్టుపైకి రావాలి. ఆ నెలలోనే ముంబయిలో చక్రాల కుర్చీ అందక నడిచి వెళ్లిన 80 ఏళ్ల వృద్ధ ప్రయాణికుడు కుప్పకూలి మరణించిన ఉదంతం కలకలం రేపింది. ఎయిర్ ఇండియాకు 30 లక్షల జరిమానా పడింది.

ప్రయాణికుడు పాటించవలసినది

హక్కులతోపాటు బాధ్యతలు కూడా ఉన్నాయి. 1953 నాటి జాతీయీకరణ చట్టం 1994లో రద్దయ్యేవరకు విమాన ప్రయాణం కొద్దిమందికే పరిమితం. 2024లో దేశీయ మార్గాలలో 16 కోట్ల మందికి పైగా ప్రయాణించారు. 2017 ఏప్రిల్‌లో ‘ఉడాన్’ పథకం ప్రారంభమైన రోజున సిమ్లాతోపాటు కడప పేరు కూడా ఆ పటంలో చేరింది. తొలిసారి విమానమెక్కేవారికి బెల్టు పెట్టుకోవడం, సామాను సర్దడం తెలియకపోవడం సహజం. పక్కవారు సాయపడితే సరిపోతుంది.

నిజానికి దురుసు ప్రవర్తనపై నిబంధనలు రావడానికి కారకుడు తొలిసారి విమానమెక్కిన పల్లెవాసి కాదు, మహారాష్ట్రకు చెందిన ఒక పార్లమెంటు సభ్యుడు. 2017 మార్చిలో బిజినెస్ తరగతి లేని విమానంలో కూర్చోవలసి వచ్చినందుకు ఆయన ఎయిర్ ఇండియా ఉద్యోగిని చెప్పుతో కొట్టారు. ఆ విషయాన్ని తానే బహిరంగంగా చెప్పుకున్నారు కూడా. సంస్థలన్నీ ఆయనను ఎక్కించుకోవడానికి నిరాకరించాయి. విచారం వ్యక్తం చేస్తూ లేఖ రాసిన తరువాతగాని నిషేధం తొలగలేదు. విజయనగరానికి చెందిన పి. అశోక్ గజపతిరాజు పౌర విమానయాన మంత్రిగా ఉండగా, అదే ఏడాది సెప్టెంబరులో కొత్త నిబంధనలు వెలువడ్డాయి. దూషణకు 3 నెలల వరకు, చేయి చేసుకుంటే 6 నెలల వరకు, ప్రాణాపాయం కలిగిస్తే కనీసం 2 సంవత్సరాలు నిషేధం విధించవచ్చునని అవి పేర్కొన్నాయి. విశ్రాంత జిల్లా న్యాయమూర్తి అధ్యక్షతన గల సంఘం 30 రోజులలో నిర్ణయం తీసుకోవాలి.

చట్టం దాకా రాని చిన్న మర్యాదలు మరికొన్ని ఉన్నాయి. చక్రాలు నేలను తాకగానే లేచి నిలబడడం వల్ల ఎవరూ ముందుగా ఇల్లు చేరరు. పై అరలోని పెట్టె జారి ఎదుటివారి తలపై పడే ప్రమాదం మాత్రం ఉన్నది. సీటు వెనుకకు వాల్చేముందు వెనుకనున్నవారి వైపు ఒకసారి చూడడం, ఫోనులో పాటలు అందరికీ వినిపించకుండా ఉండడం, మధ్య సీటులో ఇరుక్కున్నవారికి రెండు చేతిఆనులూ వదలడం ఖర్చులేని సంస్కారాలు. కుటుంబం కలిసి కూర్చోవడానికి సీటు మార్చుకోమని కోరడం తప్పు కాదు, అదనపు సొమ్ము చెల్లించి కిటికీ సీటు తీసుకున్నవారు కాదనడం కూడా తప్పు కాదు. 12 ఏళ్లలోపు పిల్లలకు తల్లిదండ్రులలో ఒకరి పక్కన సీటు ఇవ్వాలని డీజీసీఏ 2024 ఏప్రిల్‌లో ఆదేశించడంతో ఈ వివాదానికి కొంత పరిష్కారం లభించింది.

విమానాశ్రయంలో టీ ధర కూడా ప్రయాణికుల చిరకాల ఫిర్యాదే. పార్లమెంటులో సైతం ప్రస్తావనకు వచ్చిన మీదట 2024 డిసెంబరులో కలకత్తా విమానాశ్రయంలో, 2025 ఫిబ్రవరిలో చెన్నైలో ‘ఉడాన్ యాత్రీ కెఫే’లు వెలిశాయి. అక్కడ టీ 10 రూపాయలు, సమోసా 20 రూపాయలుగా నిర్ణయించారు. గంటల తరబడి వేచి ఉండే సామాన్యుడికి ఇది చిన్న ఊరటే అయినా ఆదరణ పొందింది.

మంచును ఎవరూ ఆపలేరు. ఎంతసేపు ఆగాలో, ఎందుకు ఆగాలో ప్రయాణికుడికి సకాలంలో చెప్పడం మాత్రం ప్రతి సంస్థకూ సాధ్యమే. ఆ మాట మోసుకువచ్చే కౌంటరు ఉద్యోగి, పైలట్ జాప్యానికి కారకులు కారని ప్రయాణికుడు గుర్తించడం కూడా సాధ్యమే. వచ్చే చలికాలంలోనైనా ఈ రెండూ జరుగుతాయేమో చూడవలసి ఉన్నది.