లాన్ గడ్డి బేరంలో మట్టి మందమే కీలకం

తొలకరితో లాన్ గడ్డి నాటే అదను మొదలవుతుంది. తూర్పు గోదావరి జిల్లా కడియం, కడియపులంక నర్సరీల నుంచి సరుకు ఎత్తే వర్తకులు చదరపు అడుగు రేటు ఒక్కటే చూసి బేరం ముగించడం తగదు. ఇది ప్రాణమున్న సరుకు. లాభనష్టాలు పలకకు అంటిన మట్టిలోను, లారీ మీద గడిచే గంటలలోను వున్నవి.

కిరాయి మట్టికే

అంగుళం మందం తడిమట్టితో కోసిన అడుగు పలక మూడు కిలోలకు పైగా తూగుతుంది. వెయ్యి అడుగులంటే మూడు టన్నుల పైమాటే. అర అంగుళానికి కోయిస్తే బరువు, కిరాయి దాదాపు సగానికి దిగుతాయి. పలుచని పలక త్వరగా వేరు పడుతుంది కూడా. అయితే త్వరగా ఎండుతుంది కనుక దూరపు ఊళ్లకు మరీ పలుచనిది పనికిరాదు.

పేర్చిన పలకలు లోలోపల వేడెక్కి పసుపుబారతాయి. ఎండకాలంలో కోసిన 24 గంటలలోగా నేలమీద పరచాలి. హైదరాబాదుకు సుమారు 400 కిలోమీటర్ల దారి. సాయంత్రం కోసి, రాత్రికి లారీ కదిలించడమే క్షేమం. దింపేటప్పుడు గుట్ట మధ్య చేయి పెట్టి చూడాలి. వేడిగా తగిలితే అక్కడే పేచీ తేల్చుకోవాలి.

రకం, కలుపు

గరిక జాతికి చెందిన బెర్ముడా నిండు ఎండలో వేగంగా అల్లుకుంటుంది, నీడలో పలుచబడుతుంది. కొరియన్ గడ్డిగా అమ్ముడుపోయే జోయ్‌సియా నిదానంగా పెరుగుతుంది. ఒత్తుగా వుంటుంది, కొంత నీడకు ఓర్చుకుంటుంది, కోత తక్కువ. చెట్లకింద గరిక అంటగట్టిన వర్తకునికి ఫిర్యాదు తప్పదు.

అంతకంటె పెద్ద బెడద తుంగ. దాని గడ్డలు పలక మట్టితోనే వచ్చి, పైన ఎంత కోసినా తిరిగి మొలుస్తాయి. లోడుకు పది పలకలైనా తిరగేసి చూడకుండా సొమ్ము చెల్లించరాదు.

పెట్టుబడి తగ్గించదలచిన గృహస్థులు పలకను పిలకలుగా చీల్చి నాలుగంగుళాల ఎడంతో నాటుకోవచ్చు. సరుకు కలిసివస్తుంది గాని నేల కప్పడానికి నెలలు పడుతుంది; అంతవరకు కలుపు తీయాలి.

కొనేవారికి చెప్పవలసినవి

వెయ్యి చదరపు అడుగులకు అంగుళం తడి అంటే సుమారు 2,360 లీటర్లు. వారానికి కనీసం అంత కావాలి, వేసవిలో ఇంకా ఎక్కువ. అయిదు వేల లీటర్ల టాంకరు రెండు తడులకే సరి. టాంకరు నీటిపై ఆధారపడే ఇంటికి ఈ లెక్క ముందే చెప్పడం మంచిది. ఒక్కో కోతకు గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి కత్తిరించరాదు. యూరియా వెయ్యి అడుగులకు దఫాకు కిలో చాలు. చల్లిన వెంటనే నీరు పెట్టకపోతే ఆకు మాడుతుంది.

రకం, మట్టి మందం, కోసిన వేళ: ఈ మూడూ బిల్లుమీద రాయించుకున్న వర్తకునికి తగాదాలు తక్కువ.