మందు కంటే ముందు పరీక్ష ఎందుకు?



"పెద్దపేగు క్యాన్సర్‌కు మంచి ఇంజెక్షన్ ఉందంట కదా సిస్టర్, బంగారం కుదువపెట్టి అయినా చేయిస్తాం. మళ్ళీ ఈ పరీక్ష ఎందుకు?" అని వార్డులో బంధువులు అడుగుతుంటారు. ఆ ఇంజెక్షన్ పేరు సెటుక్సిమాబ్. జబ్బు ఇతర అవయవాలకు పాకినప్పుడు వాడతారు. పరీక్ష పేరు రాస్ పరీక్ష. ఈ రెండింటికీ ఉన్న సంబంధం తెలియాలంటే కణంలో కబురు ఎలా అందుతుందో తెలుసుకోవాలి.

గాయం మానాలన్నా, పాత కణాల స్థానంలో కొత్తవి రావాలన్నా కణాలు విభజన చెందాలి. ఆ కబురు తెచ్చేవి గ్రోత్ ఫ్యాక్టర్లు. వాటిలో ఒకటైన ఇ.జి.ఎఫ్.ను కనుగొన్న స్టాన్లీ కోహెన్, 1986లో వైద్య నోబెల్ బహుమతి పొందిన ఇద్దరిలో ఒకరు.

ఇ.జి.ఎఫ్. వచ్చి కణం పైపొరలోని రిసెప్టర్‌కు అంటుకోగానే, రిసెప్టర్ లోపలి కొసమీద ఫాస్ఫేట్ గుర్తులు పడతాయి. వాటిని గుర్తుపట్టేది గ్రాబ్-2 అనే అడాప్టర్ ప్రోటీన్. ఇది ఎంజైము కాదు, కలిపేది మాత్రమే. ఒక చేత్తో రిసెప్టర్‌ను, మరో చేత్తో సాస్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. సాస్ వెళ్ళి రాస్ అనే స్విచ్ వేస్తుంది. అక్కడినుండి కబురు కేంద్రకానికి చేరుతుంది.

పని అయ్యాక ఆపేవారు కూడా ఉండాలి కదా! సి.బి.ఎల్. అనే మరో ప్రోటీన్, రిసెప్టర్‌కు యుబిక్విటిన్ అనే చీటీ తగిలిస్తుంది. చీటీ ఉన్న రిసెప్టర్‌ను కణం లోపలికి లాగి నాశనం చేస్తుంది. రాస్ స్విచ్ కూడా మామూలుగా కొద్దిసేపటికే ఆరిపోతుంది.

సెటుక్సిమాబ్ రిసెప్టర్‌కు అడ్డుపడి కబురు రానివ్వదు. కాని పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో 100 మందికి సుమారు 40 మందిలో కె-రాస్ జన్యువు మారి, స్విచ్ వేసింది వేసినట్టే ఉండిపోతుంది. దానికి ఇక రిసెప్టర్‌తోను, గ్రాబ్-2తోను పనిలేదు. పైన అడ్డుపెట్టినా లోపల స్విచ్ ఆరదు. డబ్బు పోతుంది, ఒంటిమీద పొక్కులు మిగులుతాయి. అందుకే 2009లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఇటువంటి వారికి ఈ మందు తగదని మందు వివరాల్లో చేర్పించింది. జి-12-సి అనే ఒక రకం మార్పుకు మాత్రం రాస్‌నే అడ్డుకునే అడాగ్రాసిబ్‌ను దీనితో కలిపి ఇచ్చే చికిత్స అక్కడ 2024లో ఆమోదం పొందింది.

ఈ పరీక్ష చాలాసార్లు ముందు తీసిన బయాప్సీ ముక్కతోనే చేయవచ్చు. మార్పు లేదని తేలినా, మందు సరిపడుతుందో లేదో డాక్టరుగారే చెప్పాలి. కాబట్టి బంగారం కుదువపెట్టక ముందే "రాస్ రిపోర్టు వచ్చిందా?" అని అడగండి. దానికోసం ఆగిన రోజులు వృథా కావు.

దేవుడు మీకందరికీ ఆరోగ్యము దయచేయును గాక.